ఆగి చూడాల్సిన నగరం, ఆగనివ్వని ఆట

సైబర్‌పంక్ షూటర్ అనే వీడియో గేముల రకం రెండు ఇళ్ల మధ్య కుదిరిన సంబంధం. ఒకటి కథల ఇల్లు, రెండోది తుపాకుల ఇల్లు. మొదటి ఇంటికి పేరు పెట్టినవాడు అమెరికన్ రచయిత బ్రూస్ బెత్కీ. ఆయన రాసిన ‘సైబర్‌పంక్’ అనే చిన్న కథ 1983లో అచ్చయింది. మరుసటి ఏడు విలియం గిబ్సన్ ‘న్యూరోమాన్సర్’ నవల వచ్చి ఆ పేరుకొక లోకాన్నిచ్చింది. కంప్యూటర్ల కడుపులో తిరిగే మనుషుల గురించిన ఆ నవలను గిబ్సన్ కరెంటు కూడా అక్కర్లేని పాతకాలపు టైప్‌రైటర్ మీద కొట్టాడు. అప్పటికి రెండేళ్ల ముందే, 1982లో, రిడ్లీ స్కాట్ తీసిన ‘బ్లేడ్ రన్నర్’ సినిమా ఆ లోకం ఎలా కనిపించాలో తేల్చేసింది. ఎడతెగని వాన, తడిసిన రోడ్డు మీద పరుచుకున్న నియాన్ వెలుగు, మబ్బుల్లోకి దూసుకుపోయిన కంపెనీ భవనాలు, వాటి నీడలో కిక్కిరిసిన సందులు. యంత్రం బాగుపడింది, బతుకు బాగుపడలేదు. ఇన్నేళ్లలో ఈ రకం కథలన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగాయి.

రెండో ఇల్లు అమెరికాలోని టెక్సస్‌ది. ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ 1993 డిసెంబర్ 10న ‘డూమ్’ అనే ఆటను విడుదల చేసింది. తెర మీద కనిపించేది చేతిలోని తుపాకీ మాత్రమే, ఆటగాడే కథానాయకుడు. ఆ కథానాయకుడి కాళ్లకు అలుపు లేదు. దాక్కోవడానికి గోడ చాటు వెతుక్కోనక్కర్లేదు. శత్రువు విసిరే నిప్పుముద్ద కంటికి కనిపించేటంత నిదానంగా వస్తుంది కాబట్టి పక్కకు జరిగితే తప్పిపోతుంది. అంటే ఆ ఆటలో డాలు లేదు, కదలికే డాలు. నిలబడ్డవాడు పోతాడు. 1996లో అదే కంపెనీ తెచ్చిన ‘క్వేక్’ ఆ వేగాన్ని ఇంకా పెంచింది. శత్రువు చుట్టూ గిరగిరా తిరుగుతూ గురి తప్పకుండా కాల్చడం ఒక విద్యగా స్థిరపడింది.

చిక్కంతా ఈ రెండిళ్ల తీరులో ఉంది. సైబర్‌పంక్ నగరం ఆగి చూడాల్సింది. గోడ మీద ప్రకటన ఏం అమ్ముతోందో, ఆ ప్రకటన కింద ముడుచుకుని పడుకున్నవాడు ఎవరో చూడకపోతే అక్కడ కథే లేదు. షూటర్ ఆగనివ్వదు. అందుకే తొలినాళ్లలో ఈ లోకాన్ని ఆటల్లోకి తెచ్చినవాళ్లు వేగాన్ని వదిలేసుకున్నారు. 1993లో బ్రిటన్‌లోని బుల్‌ఫ్రాగ్ చేసిన ‘సిండికేట్’ నగరాన్ని పైనుంచి చదరంగం బల్లలా చూపించింది. 1994లో లుకింగ్ గ్లాస్ చేసిన ‘సిస్టమ్ షాక్’ ఆటగాడిని ఖాళీ అంతరిక్ష కేంద్రంలో ఒంటరిగా వదిలి, చనిపోయినవాళ్ల రికార్డింగులు వినిపించింది. 2000లో అయాన్ స్టార్మ్ సంస్థ ఆస్టిన్ విభాగం నుంచి, వారెన్ స్పెక్టర్ నాయకత్వంలో వచ్చిన ‘డ్యూస్ ఎక్స్’ వీటన్నిటికీ పరాకాష్ఠ. అందులో ఇతరుల ఈమెయిళ్లు చదవొచ్చు, పత్రికలు తిరగేయొచ్చు, మాటలతో పని సాధించుకోవచ్చు. అందులో తుపాకీ పట్టుకుని నడుస్తుంటే గురి గుర్తు విచ్చుకుపోతుంది, కదలకుండా నిలబడితే నెమ్మదిగా దగ్గరకొస్తుంది. ‘డూమ్’లో నిలబడితే చావు, ‘డ్యూస్ ఎక్స్’లో నిలబడితేనే గురి. ఒకే తెర మీద ఈ రెండు ధర్మాలూ ఎలా ఇముడుతాయన్నదే ఆ తర్వాతి ఇరవై ఏళ్ల చరిత్ర.

ఆ చరిత్రలో పెద్ద భాగం అమెరికాలోనో జపాన్‌లోనో కాక పోలండ్‌లో నడిచింది. 2010 తర్వాత వచ్చిన వేగవంతమైన సైబర్‌పంక్ ఆటల్లో చెప్పుకోదగ్గవి చాలావరకు వార్సా, క్రాకోవ్ నగరాల్లో తయారైనవే.

పోలండ్‌కు ఈ రకం సాహిత్యంతో పాత చుట్టరికం ఉంది. ‘సొలారిస్’ రాసిన స్టానిస్లావ్ లెమ్ ఆ దేశపు రచయితే. అమెరికన్ సైన్స్ ఫిక్షన్‌ను చెత్తగా కొట్టిపారేసిన లెమ్, ఒక్క ఫిలిప్ కె. డిక్‌ను మాత్రం మెచ్చుకున్నాడు. ‘బ్లేడ్ రన్నర్’కు ఆధారమైన నవల ఆ డిక్‌దే. డిక్ మాత్రం 1974లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి ఒక ఉత్తరం రాస్తూ, లెమ్ అసలు ఒక మనిషి కాదని, ఆ పేరు వెనుక కమ్యూనిస్టుల కమిటీ ఏదో ఉందని అనుమానపడ్డాడు. ఒకే మనిషి అన్ని శైలుల్లో రాయగలడని ఆయనకు నమ్మకం కుదరలేదు. డిక్ నవలలోకి తీసుకుపోదగ్గ ఘట్టం ఇది.

అయితే ఆటల పరిశ్రమ పుట్టుకకు కారణం సాహిత్యం కాదు, కొరత. కమ్యూనిస్టు పాలనలో ఉన్న దేశాలకు కంప్యూటర్ సామగ్రి అమ్మకూడదని పాశ్చాత్య దేశాలు ఆంక్ష పెట్టుకున్నాయి. స్పెక్ట్రమ్, కమోడోర్, అటారీ లాంటి ఇంటి కంప్యూటర్లు మొదట బంధువుల సూట్‌కేసుల్లోనూ, విదేశీ పనికి వెళ్లొచ్చినవాళ్ల సామాన్లలోనూ దేశంలోకి వచ్చాయి. ఆ తర్వాత డాలర్లు చెల్లిస్తే సరుకిచ్చే పెవెక్స్ అనే ప్రభుత్వ దుకాణాల్లో అటారీలు దొరికాయి. 1985లో ‘బాయ్‌టెక్’ అనే కంప్యూటర్ పత్రిక మొదలైంది. ఆటలు మాత్రం దుకాణాల్లో కాక సంతలో దొరికేవి. వార్సాలో గ్షిబోవ్‌స్కా వీధిలోని బడి ఆవరణలో వారాంతాల్లో జరిగే కంప్యూటర్ల సంత వాటన్నిటిలోకి పేరు మోసింది. టేబుల్ మీద టేప్ రికార్డరు, పక్కన ఆటల జాబితా రాసిన కాగితం, దాని ముందు ఖాళీ క్యాసెట్లు పట్టుకుని వరసలో నిలబడ్డ పిల్లలు.

క్యాసెట్‌లో ఆట ఉంటుందంటే ఈ కాలపు పిల్లలు నమ్మరు. ఆ రోజుల్లో ప్రోగ్రామును శబ్దంగా మార్చి పాటల క్యాసెట్‌లోనే రికార్డు చేసేవారు. ప్లే బటన్ నొక్కితే స్పీకర్‌లోంచి గీపెట్టినట్టు చెవులు చిల్లులుపడే కీచు శబ్దం వస్తుంది, దాన్ని కంప్యూటర్ వింటూ నాలుగైదు నిమిషాల్లో ఆటను కూర్చుకుంటుంది. చివరి క్షణంలో టేపు కాస్త సాగితే మొదటికే మోసం, రివైండ్ చేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. పోలండ్‌లో కొన్ని రేడియో కార్యక్రమాలు ఈ శబ్దాన్నే నేరుగా ప్రసారం చేసేవి. విన్నవాళ్లు టేపు మీదికి ఎక్కించుకుని ఆడుకునేవారు. ప్రోగ్రాముల మీద రచయితకు హక్కుందని చెప్పే చట్టం అప్పటికి లేదు కాబట్టి కాపీ చేసి అమ్మడం దొంగతనం లెక్కలోకే రాలేదు.

1989లో కమ్యూనిస్టు ప్రభుత్వం పోయింది. 1990 జనవరి నుంచి ధరల మీద అదుపు తీసేసి, దేశాన్ని ఒక్కసారిగా మార్కెట్ దారిలోకి నెట్టారు. నిన్నటిదాకా వరసల్లో నిలబడ్డ ఊళ్లలో ఇవాళ విదేశీ బ్రాండ్ల హోర్డింగులు లేచాయి. మూతపడిన కర్మాగారాలు ఒక పక్క, కొత్త బ్యాంకుల అద్దాల మేడలు ఒక పక్క. 1955లో కట్టిన 237 మీటర్ల సంస్కృతీ విజ్ఞాన సౌధం చుట్టూ వార్సాలో కంపెనీల ఆకాశహర్మ్యాలు గుమిగూడాయి. కంపెనీలు రాజ్యమేలే నగరం అనేది అమెరికన్ రచయితకు ఊహ. 1990లలో వార్సాలో పెరిగిన కుర్రాడికి అది కిటికీలోంచి కనిపించిన దృశ్యం. పోలిష్ ఆటలకు సైబర్‌పంక్ అంత సులువుగా ఒంటబట్టడానికి ఈ అనుభవం ఒక కారణమని అనుకోవడానికి వీలుంది.

1994లో కొత్త కాపీరైట్ చట్టం వచ్చి ప్రోగ్రాములకు రక్షణ కల్పించింది. అదే ఏడాది మార్చిన్ ఇవిన్‌స్కీ, మిహావ్ కిచిన్‌స్కీ అనే ఇద్దరు బడి స్నేహితులు సీడీ ప్రాజెక్ట్ అనే కంపెనీ పెట్టారు. సంతలో సీడీలు అమ్మిన అనుభవం వాళ్ల పెట్టుబడి. అమెరికా నుంచి ఆటల సీడీలు తెప్పించి పోలండ్‌లో అమ్మడం తొలి వ్యాపారం. సంతలో చవకగా దొరికేదాన్ని డబ్బు పెట్టి ఎవరు కొంటారన్నది వాళ్లకు ఎదురైన మొదటి ప్రశ్న. జవాబు 1999లో ‘బాల్డర్స్ గేట్’తో దొరికింది. ఆ ఆటను మొత్తం పోలిష్‌లోకి అనువదించి, పేరున్న నటులతో గొంతులిప్పించి, పెట్టెలో మ్యాపు లాంటి వస్తువులు పెట్టి అమ్మారు. కాపీ చేసేవాడు సీడీని కాపీ చేయగలడు కానీ పెట్టెను చేయలేడు. ఈ కంపెనీ సొంతంగా ఆటలు తయారుచేసే విభాగం సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2007లో ‘ది విచర్’తో బోణీ కొట్టింది.

షూటర్ల దారి వేరే చోట మొదలైంది. వ్రోత్స్వాఫ్‌లోని టెక్‌ల్యాండ్ 2003లో తెచ్చిన ‘క్రోమ్’లో కథానాయకుడి ఒంట్లో రకరకాల యంత్రాలుంటాయి, చూపునో గురినో పెంచుకోవడానికి వాటిని ఆడేటప్పుడే ఆన్ చేసుకోవచ్చు. వేగం మాత్రం మరొకరి దగ్గర పుట్టింది. ఆడ్రియన్ హ్మియెలాజ్ 2002లో వార్సాలో పెట్టిన పీపుల్ కెన్ ఫ్లై అనే సంస్థ 2004లో ‘పెయిన్‌కిల్లర్’ విడుదల చేసింది. అప్పటికి ప్రపంచమంతా సైనికుల ఆటల వైపు, చాటున నక్కి కాల్చే పద్ధతి వైపు మళ్లుతోంది. ‘పెయిన్‌కిల్లర్’ దానికి ఎదురు నడిచింది. ద్వారం మూసుకుంటుంది, మందలు మందలుగా దెయ్యాలు వస్తాయి, అన్నీ చచ్చేదాకా తలుపు తెరుచుకోదు. 2005లో సీపీఎల్ అనే వీడియో గేముల పోటీ సంస్థ పలు దేశాల్లో తిరుగుతూ పెట్టిన పర్యటనకు ఈ ఆటనే ఎంచుకుంది. మొత్తం బహుమతులు 10 లక్షల డాలర్లు. న్యూయార్క్ తుది పోరులో ‘ఫేటలిటీ’గా పేరుపడ్డ జొనాథన్ వెండెల్ 1,50,000 డాలర్లు గెలుచుకున్నాడు.

పీపుల్ కెన్ ఫ్లై నుంచీ, సీడీ ప్రాజెక్ట్ నుంచీ బయటికొచ్చిన కొందరు 2009లో వార్సాలో ఫ్లయింగ్ వైల్డ్ హాగ్ అనే కొత్త జట్టు కట్టారు. పోలిష్ ఆటలకు అప్పుడు మంచి రోజులు నడుస్తున్నాయి. 2011 మేలో వార్సా వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఒబామాకు పోలండ్ ప్రధాని డోనాల్డ్ టస్క్ ఇచ్చిన కానుకల్లో ‘ది విచర్ 2’ ఆట కూడా ఉంది. ఆ సెప్టెంబర్‌లోనే ఫ్లయింగ్ వైల్డ్ హాగ్ తొలి ఆట ‘హార్డ్ రీసెట్’ కంప్యూటర్ల మీదికి వచ్చింది. ‘బ్లేడ్ రన్నర్’ నగరంలో ‘పెయిన్‌కిల్లర్’ పరుగు. ఈ రెండు ఇళ్ల పెళ్లి అసలు రూపంలో జరిగింది ఇక్కడే.

‘హార్డ్ రీసెట్’ కథ జరిగే నగరం పేరు బెజోవార్. మనుషులకు మిగిలిన చివరి ఆశ్రయం అది, చుట్టూ యంత్రాల రాజ్యం. మేజర్ ఫ్లెచర్ అనే కథానాయకుడి చేతిలో రెండే తుపాకులు. ఒకటి గుళ్లు పేల్చేది, ఇంకోటి విద్యుత్తును చిమ్మేది. చంపిన యంత్రాల నుంచి రాలిన ముక్కలు ఏరుకుని, గోడకు బిగించిన యంత్రం దగ్గర ఆ తుపాకులకే కొత్త పనులు నేర్పించుకోవాలి. అవే తుపాకులు అవసరాన్ని బట్టి ఒళ్లు విరుచుకుని షాట్‌గన్‌గానో, రాకెట్ లాంచర్‌గానో, గోడల అవతల కూడా కాల్చగలిగే ఆయుధంగానో మారతాయి. ఆ ఏడాది వచ్చిన షూటర్లలో చాలావాటిలో గాయపడ్డవాడు చాటున రెండు క్షణాలు కూర్చుంటే గాయం మానిపోయేది. ఇందులో మందుల పొట్లం వెతుక్కోక తప్పదు. అది దొరికేది శత్రువుల మధ్యలోంచి పరిగెత్తితేనే.

ఆ నగరంలో ఒక పోరు ఎలా సాగుతుందో చూస్తే ఈ ఆట పనితనం తెలుస్తుంది. నాలుగు వైపులా దుకాణాలున్న చిన్న కూడలి, నేల మీద వాన నీరు. రంపపు పళ్లతో చిన్న చిన్న యంత్రాలు గుంపుగా దొర్లుకుంటూ వస్తాయి, వాటి వెనుక గొరిల్లా అంత పెద్ద యంత్రమొకటి తల వంచి దూసుకొస్తుంది. ఎదురుగా కాల్చి దాన్ని ఆపాలంటే గుళ్లు చాలవు. ఆటగాడు వెనక్కి పరిగెడుతూ గోడ పక్కన శీతల పానీయాలు అమ్మే యంత్రాన్నో, కరెంటు పెట్టెనో చూసుకోవాలి. పెద్ద యంత్రం ఆ పక్కకు రాగానే గోడ పక్కనున్నదాన్ని పేలిస్తే మెరుపు కొట్టి పెద్దది కొట్టుకుంటూ కూలబడుతుంది. రోడ్డు మీదున్న పీపాలు, వాహనాలు, ప్రకటన బోర్డులు ఏదో ఒక విధంగా పేలేవే. అంటే ఈ ఆటలో నగరం చూడటానికి పెట్టిన తెర కాదు, ఆయుధాల గది. ఆటగాడు నగరాన్ని తప్పకుండా గమనిస్తాడు. కాకపోతే ఆ ప్రకటన ఏం చెబుతోందని కాదు, ఎంత దూరం దాకా పేలుతుందని. సైబర్‌పంక్ అభిమానికి ఇది కాస్త బాధ కలిగించే సంగతే అయినా, పనితనంగా చూస్తే చాలా తెలివైన పరిష్కారం.

కథ విషయంలో ఆట తేలిపోయింది. సన్నివేశాల మధ్య కదిలే కామిక్ బొమ్మలతో ముక్కలు ముక్కలుగా చెప్పిన కథ ఎటో మొదలై ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆట కొన్ని గంటల్లోనే అయిపోతుందన్న విమర్శ కూడా వచ్చింది. 2012లో కొత్త అంకాలు కలిపారు. 2016లో ‘రీడక్స్’ పేరుతో మళ్లీ విడుదల చేసినప్పుడు కటానా కత్తినీ, ఒక్క ఉదుటున పక్కకు దూకే విద్యనూ చేర్చారు. ఆ దూకుడు మొదటి ఆటలోనే ఉండుంటే బాగుండేదని అభిమానులకు అనిపించిన మాట నిజం. చిన్న మార్పే, కానీ ఆ తర్వాత వచ్చిన వేగవంతమైన పోలిష్ సైబర్‌పంక్ ఆటల్లో ఆ కత్తో ఆ దూకుడో కనిపిస్తుంది.

ఈ ప్రయత్నం పోలండ్‌కే పరిమితం కాలేదు. 2012లో స్వీడన్‌కు చెందిన స్టార్‌బ్రీజ్ పాత ‘సిండికేట్’ను షూటర్‌గా మార్చింది. 2021లో అదే దేశపు నియాన్ జెయింట్ ‘ది అసెంట్’ తెచ్చింది, కళ్లు చెదిరే నగరం అది. కానీ ఒక ఊరి పనివాళ్లు మరో ఊరి పనివాళ్లను చూసి నేర్చుకుంటూ, ఒకే చిక్కును మళ్లీ మళ్లీ విప్పుతూ పోవడం వార్సా, క్రాకోవ్‌లలో కనిపించినంతగా మరెక్కడా కనిపించదు.

2017 ఆగస్టులో క్రాకోవ్‌కు చెందిన బ్లూబర్ టీమ్ ‘అబ్జర్వర్’ విడుదల చేసింది. అది షూటర్ కాదు. 2084 నాటి క్రాకోవ్‌లో ఒక పాత అపార్ట్‌మెంటులో తలుపు తలుపూ తడుతూ తిరిగే డిటెక్టివ్ కథ. ఆ డిటెక్టివ్‌కు గొంతిచ్చింది ‘బ్లేడ్ రన్నర్’లో రాయ్ బ్యాటీగా నటించిన రట్గర్ హవర్. ఆగి చూడటమే మొత్తం ఆట. సరిగ్గా మరుసటి నెలలో వార్సా నుంచి దానికి పూర్తిగా విరుద్ధమైన ‘రూయినర్’ వచ్చింది. దీన్ని చేసిన రైకాన్ గేమ్స్‌లో ‘ది విచర్’, ‘షాడో వారియర్’ లాంటి ఆటలకు పనిచేసినవాళ్లున్నారు. 2091లో రెంగ్‌కోక్ అనే నగరం. కెమెరా పైనుంచి చూస్తుంది, తెరంతా నెత్తురు ఎరుపు, నలుపు. కథానాయకుడు ఒక్క మాటా మాట్లాడడు, ముఖానికున్న ముసుగు మీద అక్షరాలు వెలిగి ఆరిపోతాయి. గుంపు మధ్యలోకి దూకడం, కొట్టడం, మరో మూలకు దూకడం. ఎక్కడెక్కడికి దూకాలో ముందే గుర్తులు పెట్టుకోవడానికి ఆటగాడికి కాలం కాసేపు నెమ్మదిస్తుంది.

ఈ కాలం నెమ్మదించడం అనే ఉపాయం దగ్గర కాస్త ఆగాలి. దీని పుట్టుక 1999 నాటి ‘ది మేట్రిక్స్’ సినిమాతో ముడిపడింది. కియాను రీవ్స్ వెనక్కి వాలి గుళ్లను తప్పించుకునే దృశ్యం చూడనివాళ్లు తక్కువ. 2001లో ఫిన్లాండ్‌కు చెందిన రెమెడీ ‘మ్యాక్స్ పేన్’లో ఆ విద్యను ఆటగాడి చేతికిచ్చింది. బటన్ నొక్కితే ప్రపంచం నత్తనడక నడుస్తుంది, గురి మాత్రం మామూలు వేగంతో కదులుతుంది. అప్పట్లో అది ఒక తమాషా. సైబర్‌పంక్ షూటర్లకు వచ్చేసరికి అదే పెళ్లిముడి అయింది. కాలం నెమ్మదించిన ఆ రెండు మూడు క్షణాల్లోనే ఆటగాడు చుట్టూ చూస్తాడు. ఆగకుండానే ఆగే వీలు దొరికింది.

క్రాకోవ్‌లోని వన్ మోర్ లెవెల్ 2020 అక్టోబర్ 27న విడుదల చేసిన ‘గోస్ట్‌రన్నర్’ ఈ ఉపాయాన్ని అంచు దాకా తీసుకెళ్లింది. ధర్మా టవర్ అనే ఒకే ఒక్క మహాభవనం, అందులోనే మిగిలిన మానవజాతి. కథానాయకుడికి తుపాకీ లేదు, కత్తి ఒక్కటే. తుపాకులన్నీ శత్రువులవి. షూటర్‌ను తిరగేసినట్టన్నమాట. ఒక్క గుండు తగిలితే చావు, ఒక్క వేటుకు శత్రువు రెండు ముక్కలు. గోడ మీద పరిగెత్తి గాల్లోకి లేచినప్పుడు బటన్ నొక్కి పట్టుకుంటే కాలం నెమ్మదిస్తుంది, గాల్లోనే పక్కకు జరిగి ఎదురుగా వచ్చే గుండును తప్పించుకోవచ్చు. చస్తే ఒక్క మీట, కన్ను మూసి తెరిచేలోగా మళ్లీ మొదటి మెట్టు మీద. ఒకే గదిలో ముప్ఫై నలభై సార్లు చచ్చి, ముప్ఫై క్షణాల్లో ఆ గది దాటేసే ఆట ఇది. అప్పటికి ఆ గది మూల మూలా ఆటగాడికి కంఠస్థం. ఆగి చూడకపోయినా, చచ్చి చచ్చి చూశాడు.

ఇది వచ్చిన ఆరు వారాలకు సీడీ ప్రాజెక్ట్ రెడ్ ‘సైబర్‌పంక్ 2077’ను విడుదల చేసింది. తేదీ 2020 డిసెంబర్ 10, ‘డూమ్’ పుట్టి సరిగ్గా 27 ఏళ్లు. ఈ ఆటకు మూలం అమెరికన్ రచయిత మైక్ పాండ్‌స్మిత్ 1988లో తయారుచేసిన బల్ల మీద ఆడే ఆట. కాగితం, పెన్సిలు, పాచికలు, నలుగురు స్నేహితులు ఉంటే చాలు. అందులోని నైట్ సిటీ కాలిఫోర్నియా తీరాన ఊహించిన నగరం. 1990లో వచ్చిన రెండో కూర్పు ‘సైబర్‌పంక్ 2020’ పోలండ్‌లోనూ అభిమానులను సంపాదించుకుంది. ఆ అభిమానుల్లో కొందరు పెద్దవాళ్లై ఆటలు తయారుచేసేవాళ్లయ్యారు. 2012 మేలో ప్రకటించిన ప్రాజెక్టు ఎనిమిదేళ్లు నడిచింది.

‘ది విచర్’లో కథానాయకుడు తెర మీద కనిపిస్తాడు. 2018లో ఈ కొత్త ఆటను కథానాయకుడి కళ్లలోంచే చూపిస్తామని ప్రకటించగానే అభిమానుల్లో పెద్ద రభసే జరిగింది. కానీ నైట్ సిటీలో తలెత్తి చూస్తే తప్ప భవనాల ఎత్తు అందదు. తలెత్తాలంటే కళ్లు ఆటగాడివి కావాలి. షూటర్ రూపం ఎంచుకోవడం అలా నగరం కోసమే జరిగింది. తుపాకులను మూడు జాతులుగా చేశారు. ఒకదాని గుళ్లు గోడకు తగిలి మళ్లుతాయి, ఒకటి గోడను చీల్చుకుపోతుంది, ఒకటి చేతిలో తగిన యంత్రం అమర్చుకుంటే శత్రువును వెతుక్కుంటూ తనే వంపులు తిరిగి వెళ్తుంది. వెన్నెముకకు బిగించుకునే సాండెవిస్తాన్ అనే యంత్రాన్ని ఆన్ చేస్తే కాలం నెమ్మదిస్తుంది. 2019 జూన్‌లో ఈ ఆటలో తాను ఉన్నానని చెప్పడానికి లాస్ ఏంజెలెస్ వేదిక మీదికి వచ్చింది కియాను రీవ్సే. ‘ది మేట్రిక్స్’ అప్పు ఆ రకంగా తీరింది.

విడుదల తేదీ 2020 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్‌కు, అక్కణ్నుంచి నవంబర్‌కు, చివరికి డిసెంబర్‌కు జరిగింది. ముందస్తుగా కొన్నవాళ్లే 80 లక్షల మంది. మంచి కంప్యూటర్ల మీద ఆట బాగానే నడిచింది. 2013 నాటి ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ కన్సోళ్ల మీద మాత్రం నగరం కుప్పకూలింది. కారణం సాంకేతికమైనదే. విశాలమైన నగరంలో కారు వేగంగా పోతుంటే ముందున్న వీధుల బొమ్మలన్నీ డిస్కులోంచి తీసి క్షణక్షణం మెమరీలోకి తోస్తుండాలి. పాత యంత్రాల్లోని గిర్రున తిరిగే హార్డ్ డిస్కులకు అంత వేగం లేదు. దాంతో భవనాలు మైనపు ముద్దల్లా కనిపించి ఆ తర్వాత ఆకారం దాల్చేవి, మనుషులు ఉన్నట్టుండి ప్రత్యక్షమయ్యేవారు, ఆట మధ్యలో ఆగిపోయేది. ఆగనివ్వని ఆట అన్నందుకు అక్కడ నిజంగానే ఆగింది. విడుదలైన వారం తిరిగేసరికి సోనీ తన ఆన్‌లైన్ దుకాణం నుంచి ఆటను తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇచ్చింది. ఆరు నెలల తర్వాత, 2021 జూన్ 21న కానీ అది తిరిగి అమ్మకానికి రాలేదు. ఇంత జరిగినా మొదటి పది రోజుల్లో, వాపసులు పోను, 1.3 కోట్ల కాపీలు అమ్ముడయ్యాయి.

ఆ తర్వాత మూడేళ్లు మరమ్మతులకే పోయాయి. 2022 సెప్టెంబర్‌లో జపాన్‌లోని ట్రిగ్గర్ స్టూడియో తీసిన ‘ఎడ్జ్‌రన్నర్స్’ యానిమేషన్ సిరీస్ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అందులో కుర్రాడు వెన్నులో బిగించుకునేది ఆ సాండెవిస్తానే. సిరీస్ చూసినవాళ్లు ఆట వైపు పోటెత్తారు. 2023 ఏప్రిల్‌లో వెలుగు కిరణాల దారిని లెక్కగట్టి చిత్రాన్ని తయారుచేసే ఓవర్‌డ్రైవ్ పద్ధతి వచ్చింది. పాతకాలపు ఆటల్లో తడి రోడ్డు మీద నియాన్ నీడను చిత్రకారులు రకరకాల కిటుకులతో అద్దేవారు. ఇందులో దీపం నుంచి బయల్దేరిన వెలుగు నీటి మీద పడి, గోడకు తగిలి, కంటికి ఎలా చేరుతుందో కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డే లెక్కవేస్తుంది. ‘బ్లేడ్ రన్నర్’ వాన రాత్రిని ఆటల్లోకి తేవాలన్న కోరిక ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులు అమ్ముడుపోవడానికి కూడా బాగా పనికొచ్చింది.

2023 సెప్టెంబర్ 21న వచ్చిన 2.0 కూర్పు పోరాటాన్ని దాదాపు తిరగరాసింది. ఐదు రోజులకు విడుదలైన ‘ఫాంటమ్ లిబర్టీ’ కొత్త కథలో ఇడ్రిస్ ఎల్బా నటించాడు. పాత కన్సోళ్లకు ఈ రెండూ ఇవ్వలేదు. ఈ కూర్పులో సాండెవిస్తాన్‌ను ఎప్పుడంటే అప్పుడు ఆన్ చేసి, కాసేపటికి ఆపేసుకోవచ్చు. కటానా చేతబట్టి అది ఆన్ చేస్తే ఎదుటివాళ్లు తుపాకీ ఎత్తేలోగా గది అవతలికి చేరుకుంటాడు ఆటగాడు, అదీ గుళ్ల మధ్యలోంచి నడుచుకుంటూ. ‘హార్డ్ రీసెట్’ పరుగు, ‘రూయినర్’ దూకుడు, ‘గోస్ట్‌రన్నర్’ కత్తి ఇక్కడొకచోట చేరాయి. 2024 చివరికి ఆట అమ్మకాలు 3 కోట్ల కాపీలు దాటాయి.

ఆ ఆటను నడిపిన రెడ్ ఇంజిన్‌ను సీడీ ప్రాజెక్ట్ రెడ్ వార్సాలో సొంతంగా తయారుచేసుకుంది. ఇకపై తమ ఆటలు అమెరికన్ సంస్థ ఎపిక్ గేమ్స్ చేసే అన్‌రియల్ ఇంజిన్ 5 మీద నడుస్తాయని 2022 మార్చిలో ప్రకటించింది. అదే ఏడాది అక్టోబర్‌లో ‘సైబర్‌పంక్’ రెండో ఆట సంగతి బయటపెట్టి, దాని కోసం అమెరికాలోని బోస్టన్‌లో జట్టును కూర్చింది. 2025 మేలో ఆ ఆట తయారీకి ముందుండే సన్నాహక దశలోకి చేరింది. కాలిఫోర్నియాలో ఒకరు ఊహించి వార్సాలో మరొకరు కట్టిన నగరానికి కొత్త వీధుల పని ఇప్పుడు బోస్టన్‌లోనూ సాగుతోంది.